సాన్ హోసేలో ఒక్క సాయంత్రం చేతిలో ఉంటే ఎటు వెళ్ళాలి?

కోస్టారికా రాజధాని సాన్ హోసేకి కొత్తగా వచ్చినవాళ్ళు దాదాపు అందరూ ఒకే పొరపాటు చేస్తారు. హోటల్‌కి చేరి, కాసేపు నడుం వాల్చి, స్నానం చేసి, రాత్రి తొమ్మిదిన్నరకి "ఇక బయలుదేరదామా" అంటారు. అప్పటికి ఈ ఊరు ఇవ్వగలిగిన దాంట్లో సగం అయిపోయి ఉంటుంది. ఇక్కడ ఏడాది పొడుగునా సాయంత్రం ఐదుంపావుకీ ఆరుంపావుకీ మధ్యే పొద్దు కుంకుతుంది. జనం తెల్లవారకముందే లేచి పనుల్లో పడతారు కాబట్టి రాత్రి కూడా తొందరగానే మొదలవుతుంది. ఆరింటికి కచేరీకో సినిమాకో బయలుదేరి, ఎనిమిదింటికి తిండి దగ్గర కూర్చుని, పదిన్నరకి ఇల్లు చేరడం ఇక్కడివాళ్ళ లెక్క.

ఆఫీసు పని మీద రెండేళ్ళు ఇక్కడ ఉన్నాను. పక్క ఊరు ఎరేదియా వైపున్న కంపెనీలకి హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి మనవాళ్ళు నెలకీ రెండు నెలలకీ వస్తూ ఉంటారు. వచ్చిన ప్రతివాళ్ళూ అడిగేది ఒక్కటే: "ఉన్నది ఒకటో రెండో సాయంత్రాలు, ఎక్కడికెళ్తే బాగుంటుంది?" ఎవరితో వెళ్తున్నారు, ఎన్నింటికి బయటపడగలరు అన్న రెండు సంగతులు తెలిస్తే తప్ప దీనికి జవాబు చెప్పలేం. ఊళ్ళో పేరున్న చోటికి వెళ్ళి, తమకి సరిపడని సాయంత్రం గడిపి, "ఈ ఊళ్ళో ఏమీ లేదు" అనుకుని తిరిగెళ్ళిపోయినవాళ్ళని చాలామందిని చూశాను. అలా జరగకూడదని ఇదంతా రాస్తున్నాను.

ముందు చిన్న సంగతి ఒకటి. ఇండియా టైము ఇక్కడికంటే పదకొండున్నర గంటలు ముందు. సాయంత్రం 7 గంటలకి ఇంటికి ఫోన్ చేస్తే అక్కడ ఉదయం ఆరున్నర, అమ్మ స్టవ్ మీద పాలు పెట్టే వేళ. ఆ ఫోన్ ఏదో ముందే చేసేసుకుని బయలుదేరండి. లేకపోతే కచేరీ మధ్యలో ఫోన్ మోగుతుంది.

థియేటరా, సినిమానా

ఒక్క సాయంత్రమే ఉంటే, మరో ఆలోచన లేకుండా నేను చెప్పేది నేషనల్ థియేటర్. ఇక్కడివాళ్ళు తెయాత్రో నాసియొనాల్ అంటారు. ఊరి నడిబొడ్డున, మనుషులు నడిచే వీధి పక్కనే ఉంటుంది. 1897 అక్టోబర్ 21న గూనో స్వరపరిచిన ఫౌస్ట్ అనే ఆపెరాతో, అంటే పాటలతో నడిచే నాటకంతో, తెరిచారు. దాని వెనకో కథ చెబుతారు. 1890లో అడెలీనా పట్టి అనే పెద్ద గాయని బృందం మధ్య అమెరికా అంతా తిరుగుతూ, పాడటానికి తగిన వేదిక లేదని ఈ దేశానికి రాలేదట. కాఫీ ఎగుమతి చేసే ధనవంతులకి అది తలవంపులనిపించి, కాఫీ మీద పన్ను వేయించుకుని మరీ ఈ భవనం కట్టించారట. ఆ పన్ను చాలక తర్వాత దిగుమతుల మీద కూడా వేశారు. అంటే ఖర్చు చివరికి మామూలు జనం నెత్తిన కూడా పడింది. అందుకేనేమో, ఇక్కడివాళ్ళు దీన్ని "మా థియేటర్" అంటారు.

లోపలికి వెళ్తే ఒక్కచోట తప్పకుండా ఆగండి. మెట్లెక్కుతూ తల పైకెత్తితే కప్పు మీద పెద్ద చిత్రం కనిపిస్తుంది. అలెయార్దో విల్లా అనే ఇటలీ చిత్రకారుడు వేసింది. కాఫీ కోత, అరటి గెలలు, ఓడలోకి సరుకెక్కించడం ఉంటాయి అందులో. బాగా చూడండి. కాఫీ చెట్లు సముద్రం ఒడ్డున ఉంటాయి. నిజానికి ఇక్కడ కాఫీ పండేది కొండల మీద. మధ్యలో ఒకతను అరటి గెల పట్టుకుని ఉంటాడు. గెల మోసిన అలవాటున్నవాడెవడూ అలా పట్టుకోడు. కోనసీమలో అరటి గెలలు లారీకెత్తడం చూసినవాళ్ళకి ఆ తేడా చూడగానే తెలిసిపోతుంది. చిత్రకారుడు ఈ దేశం ఎప్పుడూ చూడకుండానే ఇటలీలో కూర్చుని వేశాడని చెబుతారు. అయినా ఈ చిత్రమే తర్వాత 5 కొలోన్ల (ఇక్కడి డబ్బు) నోటు మీదికెక్కింది. ఆ నోటు ఇప్పుడు చెలామణిలో లేదు. జ్ఞాపకంగా కొనుక్కునేవాళ్ళకి కొట్లలో అమ్ముతారు.

హాల్లో కింది అంతస్తు కుర్చీలున్న నేలని చేత్తో తిప్పే యంత్రంతో వేదిక ఎత్తుకి లేపే ఏర్పాటు కూడా ఉంది. పూర్వం అలా లేపి మొత్తం హాలుని నాట్యశాలగా మార్చేవాళ్ళు. పగలు గైడు వెంట తిరిగితే ఇవన్నీ వివరంగా చెబుతారు. కానీ ఈ హాలు అసలు అందం దీపాలు తగ్గి వయొలిన్లు శ్రుతి చేసుకునే నిమిషంలోనే ఉంది. నేషనల్ సింఫనీ కచేరీలు సీజన్లో మామూలుగా శుక్రవారం రాత్రి, ఆదివారం పొద్దున ఉంటాయి. 1970లలో ప్రెసిడెంట్ హోసే ఫిగేరెస్ ఈ ఆర్కెస్ట్రాని కొత్తగా నిలబెట్టించాడు. "వయొలిన్లు లేకుండా ట్రాక్టర్లెందుకు?" అన్న మాట ఆయన పేరు మీదే ఇప్పటికీ చెప్పుకుంటారు. 1948లో దేశానికి సైన్యమే వద్దని రద్దు చేసిన మనిషి ఆయన. ఆ మాట ఆయన నోట వచ్చిందంటే ఆశ్చర్యం లేదు.

టికెట్లలో మంచి సంగతేమిటంటే, పై బాల్కనీ సీట్లు చవగ్గా దొరుకుతాయి. పాశ్చాత్య సంగీతం అలవాటు లేదని వెనకాడకండి. మా ఆఫీసుకి వచ్చిన ఒకతను త్యాగరాజ ఆరాధనలు తప్ప వేరే కచేరీ ఎరగడు. బలవంతం మీద తీసుకెళ్ళాను. రెండో భాగం అయ్యేసరికి ముందుకి వంగి వింటున్నాడు.

సినిమా ఇష్టమైతే ఊళ్ళో సినె మగాలీ ఉంది. లా కాలిఫోర్నియా పేటలో పెద్ద తెర ఉన్న పాతకాలపు హాలు. అలాంటి హాళ్ళు మన ఊళ్ళలో ఎలా మూతపడుతున్నాయో తెలిసినవాళ్ళకి ఇందులో కూర్చోవడమే ఒక సుఖం. పెద్ద మాల్స్‌లో మల్టీప్లెక్స్‌లు కూడా ఉన్నాయి కానీ, టికెట్ కొనేముందు ఒకటి చూసుకోవాలి. "దొబ్లాదా" అని ఉంటే స్పానిష్‌లో డబ్ చేసింది. "సుబ్తితులాదా" అని ఉంటే అసలు భాషలోనే ఉండి కింద స్పానిష్ అక్షరాలు పడతాయి. ఇంగ్లీష్ సినిమా ఇంగ్లీష్‌లో చూడాలంటే రెండోదే తీసుకోండి.

రెండిట్లో ఏది అంటే, థియేటరే. సినిమా మీ ఊళ్ళోనూ చూడొచ్చు. ఆ కప్పు కింద కూర్చోవడం ఇక్కడ తప్ప కుదరదు. థియేటర్లో ఆ రోజు ప్రదర్శన లేకపోతే మాత్రం మగాలీకి వెళ్ళండి. బయటికి రాగానే తినడానికి, తాగడానికి నాలుగడుగుల్లో చోట్లున్నాయి.

ఎస్కలాంతే, లా కాలిఫోర్నియా

ఎక్కువమంది తికమక పడేది ఈ రెండు పేటల మధ్యే. ఒకదాన్నుంచి ఇంకోదానికి నడిచి వెళ్ళేంత దగ్గర, కానీ రెండిటి తీరు పూర్తిగా వేరు.

బారియో ఎస్కలాంతే ఒకప్పుడు డబ్బున్న కుటుంబాల ఇళ్ళుండే పేట. ఆ ఇళ్ళే ఇప్పుడు రెస్టారెంట్లు, కాఫీ హోటళ్ళు, క్రాఫ్ట్ బీరు చోట్లు అయ్యాయి. 33వ వీధి వెంట అటూ ఇటూ నడిస్తే చాలు, వేరే దారి వెతుక్కోనక్కర్లేదు. వరండాల్లో బల్లలు, చెట్ల మధ్య బల్బుల దండలు, మాటలు వినపడేంత మెల్లగా పాటలు. ఇద్దరు ముగ్గురు కూర్చుని రెండు గంటలు కబుర్లు చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి పేట ఈ ఊళ్ళో లేదు. భార్యాభర్తలు, అమ్మానాన్నలతో వచ్చినవాళ్ళు, శాకాహారులు ఇటే రండి. ధరలు మాత్రం ఎక్కువ.

లా కాలిఫోర్నియా కుర్రకారు పేట. చీకటి పడ్డాక మెల్లగా మొదలై, పదింటికి ఊపందుకుని, రాత్రి రెండింటి దాకా నడుస్తుంది. చిన్న బార్లలో ఏదో ఒక బ్యాండు వాయిస్తుంటుంది. ఇక్కడి మాటలో అలాంటి చిన్న కచేరీని "చీవో" అంటారు, అంటే మేకపిల్ల. వారాంతంలో కుర్రాళ్ళు రోడ్డు మీదకి కూడా వచ్చి నిలబడతారు. ఇరవై, ముప్ఫైల వయసులో ఉండి, నలుగురైదుగురు స్నేహితులతో, పాట గట్టిగా వినిపించాలి, కొత్తవాళ్ళతో మాట కలపాలి అనుకుంటే ఇక్కడికే రండి. ఒంటరిగా వచ్చిన అమ్మాయిలకి, పొద్దున్నే మీటింగ్ ఉన్నవాళ్ళకి నేనైతే చెప్పను.

నా లెక్కలో మొదటిసారి వచ్చినవాళ్ళు ఏడింటికి ఎస్కలాంతేలో తిని, ఇంకా ఓపిక ఉంటే తొమ్మిదిన్నరకి కారులో లా కాలిఫోర్నియాకి దిగాలి. దాన్నే ముందు పెట్టుకుని ఖాళీ బార్లో కూర్చుని, తినేవేళకి ఎస్కలాంతేలో వంటగదులు మూసుకుపోతుంటే చూడటం బాధగా ఉంటుంది.

ఏం తినాలన్నది ఇంకో చిక్కు. బార్లలో తాగేదానితో పాటు చిన్న పళ్ళెంలో ఇచ్చే తిండిని "బోకా" అంటారు, నోరు అని అర్థం. మామూలుగా అందరూ ముందు చెప్పేది చిఫ్రిహో. గిన్నెలో అడుగున అన్నం, పైన ఎర్ర చిక్కుడు గింజలు, దానిమీద కరకరలాడే పంది మాంసం ముక్కలు, టమాటా ఉల్లిపాయ పచ్చి ముక్కలు, నిమ్మరసం, పక్కన మొక్కజొన్న చిప్స్. మాంసం తినేవాళ్ళు దీన్ని వదులుకోకండి. శాకాహారులకి పాతకోనెస్ ఉంటాయి. పచ్చి అరటికాయని చక్రాలుగా కోసి వేయించి, అదిమి, మళ్ళీ వేయించినవి. మన అరటికాయ బజ్జీకి పిండి లేని తమ్ముడు అనుకోండి. మెత్తగా నూరిన చిక్కుడు గింజల ముద్దతో తింటారు. అడగాల్సింది ఒక్కటుంది. ఆ గింజల్ని కొన్నిచోట్ల పంది కొవ్వులో వేయిస్తారు. "సిన్ కార్నె" అంటే మాంసం లేకుండా అని అర్థమే కానీ, చికెన్‌ని మాంసంలో లెక్కేయనివాళ్ళు చాలామంది. అందుకని "నీ పొయ్యో, నీ పెస్కాదో, నీ మంతేకా" అని పూర్తిగా చెప్పండి. కోడి వద్దు, చేప వద్దు, కొవ్వు వద్దు. విసుక్కోరు, వెళ్ళి వంటవాణ్ణి అడిగి వస్తారు.

మందు అలవాటున్నవాళ్ళకి ఇక్కడ రెండు పేర్లు వినిపిస్తాయి. గద్ద బొమ్మ ఉండే ఇంపీరియల్ బీరు 1924 నుంచీ ఉంది. చెరకుతో చేసే గ్వారో ఇంకొకటి. దాన్ని తయారుచేసేది ప్రభుత్వ సారా ఫ్యాక్టరీయే. ఆ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఊరి మధ్యలో ఉండేది. ఇప్పుడు ఆ పాత రాతి గోడల మధ్య సంస్కృతి శాఖ కార్యాలయాలు, ఆధునిక కళా మ్యూజియం, నాటకశాల ఉన్నాయి. సాయంత్రం అక్కడ నాట్యమో నాటకమో ఉందని పోస్టరు కనిపిస్తే ఆలోచించకుండా వెళ్ళండి. ఎస్కలాంతేకి వెళ్ళే దారికి పెద్ద దూరం కాదు.

మందు ముట్టనివాళ్ళు చేతిలో ఏం పట్టుకోవాలా అని మొహమాటపడక్కర్లేదు. "అగ్వ దుల్సె" అడగండి. తాపా దె దుల్సె అని ఇక్కడ అమ్మే అచ్చు బెల్లాన్ని వేడినీళ్ళల్లో కరిగించి ఇస్తారు. పాలు పోసి కూడా ఇస్తారు. నేను మొదటిసారి తాగింది వాన పడుతున్న రాత్రి. కప్పు పైకెత్తగానే కొత్త బెల్లం వాసన. పక్కన కూర్చున్న ఇక్కడి సహోద్యోగి, "చిన్నప్పుడు జలుబు చేస్తే మా అమ్మమ్మ ఇదే ఇచ్చేది" అన్నాడు. శ్రీరామనవమికి ఇచ్చే పానకం గురించి అతనికి అరగంట చెప్పాను. మిరియాలు, ఏలకులు వేస్తామంటే నమ్మలేకపోయాడు.

స్టూడెంట్ల వైపు

తూర్పున సాన్ పెద్రో ఉంది, కోస్టారికా యూనివర్సిటీ ఉన్న చోటు. అక్కడి "కాయె దె లా అమర్గూరా", అంటే చేదు వీధి, ఒకప్పుడు స్టూడెంట్లతో కిక్కిరిసిపోయేది. ఇప్పుడా జోరు తగ్గింది. చవగ్గా తిండి, బీరు దొరుకుతాయి. మీరు స్టూడెంట్ కాకపోతే మరీ పనిగట్టుకుని వెళ్ళాల్సినదేమీ లేదు.

డాన్స్

సాల్సా అందరికీ తెలుసు. కానీ సాన్ హోసేకి తనదైన డాన్స్ ఒకటుంది. స్వింగ్ క్రియొయ్యో. కొలంబియా వైపు నుంచి వచ్చిన కుంబియా పాటలకి, పాదాలు ఎగిరెగిరి వేస్తూ జంటగా ఆడతారు. పేదపేటల డాన్స్ హాళ్ళలో పుట్టింది. దాన్ని చిన్నచూపు చూసి, "ఇక్కడ స్వింగ్ ఆడరాదు" అని కొన్ని హాళ్ళలో బోర్డులు పెట్టిన కాలం ఉంది. 2012లో ప్రభుత్వమే దాన్ని దేశ సాంస్కృతిక వారసత్వంగా ప్రకటించింది. బోర్డులు పెట్టి వెళ్ళగొట్టిన ఆట దేశానికి గుర్తు కావడం నాకు ఎంతో ఇష్టమైన కథ.

నైట్‌క్లబ్‌కీ, డాన్స్ హాలుకీ మధ్య తేల్చుకోవాలంటే నేను డాన్స్ హాలు వైపే. క్లబ్‌లో ప్రవేశ రుసుము కట్టి, ఏ ఊళ్ళోనైనా వినిపించే పాటలే వింటారు. డాన్స్ హాల్లో అరవై ఏళ్ళ జంట పాదాలు తడబడకుండా ఆడుతుంటే పక్కన మనవరాలు నేర్చుకుంటూ ఉంటుంది. రాకపోయినా పర్వాలేదు, ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని రెండడుగులు నేర్పిస్తారు. ముందే నేర్చుకుని వెళ్దామనుకుంటే ఊళ్ళో డాన్స్ అకాడమీలు చాలా ఉన్నాయి. గంట క్లాసుకి కూడా చేర్చుకుంటారు. మనవాళ్ళలో సిగ్గరులకి నేను క్లాసే చెబుతాను. అక్కడ అందరూ తప్పులే వేస్తుంటారు కాబట్టి టెన్షన్ ఉండదు.

ఫుట్‌బాల్ రాత్రి

క్రికెట్ పిచ్చి ఉన్న తెలుగువాళ్ళకి ఇది బాగా పట్టుకుంటుంది. ఊరికి ఉత్తరాన తిబాస్‌లో సప్రిస్సా జట్టు స్టేడియం ఉంది. దాన్ని "లా కువేవా" అంటారు, గుహ అని. ఊదారంగు చొక్కాలు, డ్రమ్ములు, గంటన్నర సేపు ఆగని పాట. లా సబానా పార్కులో నేషనల్ స్టేడియం కూడా ఉంది. చైనా కట్టించి ఇచ్చింది, 2011లో తెరిచారు, దాదాపు 35,000 మంది పడతారు. దేశం జట్టు మ్యాచ్‌లు, పెద్ద పెద్ద కచేరీలు అక్కడే జరుగుతాయి.

రెండిట్లో నేను గుహనే ఎంచుకుంటాను. నేషనల్ స్టేడియం చూడటానికి గొప్పగా ఉంటుంది కానీ, మైదానానికీ జనానికీ మధ్య దూరం ఎక్కువ. తిబాస్‌లో ఆటగాడు అరిచే మాట కూడా వినిపిస్తుంది. సప్రిస్సాకీ అలహ్వెలా జట్టుకీ మ్యాచ్ ఉన్న రోజైతే టికెట్ ముందే కొనుక్కోండి. ఎరుపు నలుపు కలిసిన చొక్కా మాత్రం వేసుకెళ్ళకండి, అది అలహ్వెలా రంగు. పిల్లలతో వెళ్ళేవాళ్ళు గోల్ వెనక గట్టి అభిమానులుండే వైపు కాకుండా పక్క వరసల్లో టికెట్ తీసుకోవాలి.

ఎస్కసూ, కొండ మీద దీపాలు, క్యాసినోలు

పడమటి వైపున్న ఎస్కసూలో పెద్ద మాల్స్, ఖరీదైన రెస్టారెంట్లు, అమెరికా తరహా బార్లు ఉన్నాయి. మీ హోటల్ అక్కడే ఉంటే సరే. లేకపోతే సాయంత్రం ట్రాఫిక్‌లో అంతదూరం వెళ్ళి, గచ్చిబౌలిలో దొరికేదే అక్కడ తిని రావడం దేనికి? దానికి ఎగువన కొండల మీద మాత్రం వేరే సంగతి. సాన్ అంతోనియో దె ఎస్కసూ పైన, దక్షిణాన అసెరీ కొండల మీద, లోయ మొత్తం కనిపించే రెస్టారెంట్లున్నాయి. మబ్బు లేని రాత్రి కింద లోయంతా దీపాలు పోసినట్టుంటుంది. కొన్నిచోట్ల వారంలో ఒకటి రెండు రాత్రులు పాత పాటలు, జానపద నృత్యాలు కూడా పెడతారు. అమ్మానాన్నలని తీసుకొచ్చినవాళ్ళకి, పెళ్ళిరోజు వచ్చినవాళ్ళకి ఇది థియేటర్ తర్వాత నా రెండో ఎంపిక. తిరుగు ప్రయాణానికి కారు ముందే మాట్లాడుకోండి. రాత్రి కొండ మీదికి కారు పిలిస్తే దొరకడం కష్టం.

క్యాసినోలు హోటళ్ళల్లోనే ఉంటాయి. ఊరి మధ్యలో ఉన్న కొన్ని క్యాసినో బార్ల చుట్టూ అమ్మాయిల కోసం వచ్చే విదేశీయుల వ్యాపారం నడుస్తుంది. కొత్తవాళ్ళని చూసి దోచుకునేవాళ్ళు తిరిగేది కూడా అక్కడే. ఆ చోట్లకి వెళ్ళమని నేను ఎవరికీ చెప్పను.

పిల్లలు ఉంటే

పిల్లలతో వచ్చినవాళ్ళు సాయంత్రాన్ని ఇంకా ముందుకి జరపాలి. 1880 నాటి సెంట్రల్ మార్కెట్ చీకటి పడేసరికి మూసేస్తారు, ఆదివారం ఉండదు. నాలుగున్నరకి వెళ్ళండి. లోపల 1901 నుంచీ ఒకే రకం ఐస్‌క్రీం అమ్మే కొట్టు ఉంది, లోలో మోరా అని. లేత పసుపు రంగులో, దాల్చినచెక్క, లవంగం వాసనతో ఉంటుంది. ఏ రుచి కావాలని అడగరు, ఉన్నది ఒక్కటే. మా పాప దాన్ని "పాయసం ఐస్‌క్రీం" అంది, నిజంగా అలాగే ఉంటుంది.

డిసెంబర్‌లో వస్తే మిగతా లెక్కలన్నీ పక్కన పెట్టేయండి. నెల మధ్యలో దీపాల ఊరేగింపు ఉంటుంది, 1996 నుంచీ జరుపుతున్నారు. పసేయో కొలోన్ రోడ్డు మీద బ్యాండ్లు, దీపాలతో అలంకరించిన బండ్లు. చోటు దొరకాలంటే మధ్యాహ్నమే వెళ్ళి కూర్చోవాలి. క్రిస్మస్ తర్వాత సపోతెలో జాతర. అందులో ఎద్దుల ఆట ఉంటుంది. ఎద్దుని చంపరు, పొడవరు. ధైర్యమున్నవాళ్ళు గుంపుగా బరిలోకి దిగి దాన్ని రెచ్చగొట్టి పరుగెత్తుతారు. చిత్తూరు వైపు పశువుల పండగ చూసినవాళ్ళకి అది కొత్తగా అనిపించదు. ఎద్దుకి కూడా అది హింసే అనుకునేవాళ్ళు జాతరలో తిండి, రంగులరాట్నం వైపు తిరిగి వచ్చేయొచ్చు. ఈస్టర్ ముందు వారం మాత్రం ఊరంతా సముద్రం ఒడ్డుకి వెళ్ళిపోతుంది. చాలా చోట్లు మూసేసి ఉంటాయి. ఆ వారంలో వస్తే ఫోన్ చేసి కనుక్కున్నాకే బయలుదేరండి.

వెళ్ళడం, తిరిగి రావడం, బిల్లు

ఊళ్ళో అడ్రసు చెప్పే తీరు మొదట్లో తల తిప్పుతుంది. వీధి నంబర్లు ఉన్నా ఎవరూ వాడరు. "ఫలానా చర్చి నుంచి ఉత్తరానికి 200 మీటర్లు, తూర్పుకి 50" అంటారు. 100 మీటర్లంటే టేపు పెట్టి కొలిచింది కాదు, ఒక వీధి మలుపు నుంచి ఇంకో మలుపు దాకా అని. ఆ గుర్తులు కూడా అన్నీ ఉన్నవి కావు. సాన్ పెద్రోలో "పాత మర్రి చెట్టు నుంచి" అని చెబుతారు. ఆ చెట్టు కొట్టేసి ఏళ్ళయింది. కోకాకోలా అనే బస్‌స్టాండ్‌కి ఆ పేరు రావడానికి కారణమైన ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు. లకడీకాపూల్‌లో కర్ర వంతెన వెతకని హైదరాబాదీలకి ఇది త్వరగానే అలవాటవుతుంది. ఆ బస్‌స్టాండ్ చుట్టుపక్కలకి మాత్రం చీకటి పడ్డాక వెళ్ళకండి.

అధికారిక టాక్సీలు ఎర్రగా, తలుపు మీద పసుపు త్రిభుజంతో ఉంటాయి. మీటర్‌ని "మరీయా" అని పిలుస్తారు. ఒకసారి అది వెయ్యకుండా ఒకతను నన్ను హోటల్‌కి తెచ్చి మామూలుకి మూడింతలు అడిగాడు. అప్పట్నుంచీ కూర్చోగానే "లా మరీయా, పోర్ ఫవోర్" అనడం అలవాటు చేసుకున్నాను. ఉబర్ కూడా బాగా నడుస్తుంది. రాత్రిపూట కొత్తవాళ్ళకి నేను అదే చెబుతాను. పేట మారాలంటే రెండు వీధులైనా కారులోనే వెళ్ళండి, ఫోను చేతిలో పట్టుకుని నడవకండి. పొద్దుపోయాక లోకల్ రైలు ఉండదు.

బిల్లు చూసి కంగారు పడకండి. తిండి మీద 13 శాతం పన్ను, 10 శాతం సర్వీసు పడతాయి. మెనూలో ధర అవి కలిపి రాసిందా, కలపకుండా రాసిందా అని ముందే అడగండి. కలపకుండా ఉంటే 10,000 కొలోన్ల తిండికి 12,300 కట్టాలి. డాలరుకి సుమారు 500 కొలోన్లు అనుకుని లెక్కేసుకోవచ్చు. సర్వీసు బిల్లులోనే ఉంది కాబట్టి విడిగా టిప్పు పెట్టాల్సిన పని లేదు.

మే నుంచి నవంబర్ దాకా వానలు. మధ్యాహ్నం మొదలై సాయంత్రానికి తెరిపిస్తుంది, ఒక్కోరోజు రాత్రి దాకా పడుతుంది. ఊరు సముద్రమట్టానికి 1,100 మీటర్ల పైన ఉంది కాబట్టి వాన లేకపోయినా రాత్రి చలిగానే ఉంటుంది. బీచ్ దేశం కదా అని పల్చటి చొక్కాతో వచ్చినవాళ్ళు బాల్కనీలో వణుకుతుంటే చూశాను. గొడుగు, స్వెటర్ రెండూ సంచిలో పెట్టుకోండి.

తెల్లవారుజామున ఫ్లైట్ ఉన్నవాళ్ళకి ఇవేవీ కుదరవు. విమానాశ్రయం ఉన్నది సాన్ హోసేలో కాదు, పక్కన అలహ్వెలా ఊళ్ళో. అలాంటప్పుడు సాన్ హోసేకి వచ్చి ట్రాఫిక్‌లో ఇరుక్కోకుండా అక్కడే గది తీసుకోండి. ఊరి మధ్యలో పార్కు నిండా పెద్ద పెద్ద మామిడి చెట్లు. సాయంత్రం ముసలివాళ్ళు బెంచీల మీద కూర్చుని ఫుట్‌బాల్ గురించి వాదించుకుంటూ ఉంటారు. కాయల కాలమైతే కోసిన పచ్చి మామిడి ముక్కల మీద ఉప్పు చల్లి సంచుల్లో అమ్ముతుంటారు. ఒక సంచి కొనుక్కుని ఆ బెంచీల మీదే ఎక్కడో చోటు చూసుకుని కూర్చోండి. కారం కావాలంటే మాత్రం మీరే తెచ్చుకోవాలి.